ప్రెసిడెంటు గారి గుమ్మం ముందు రాయి

కెటిల్ క్రీక్ వ్యవసాయ కళాశాల పెట్టిన కొత్తల్లో అక్కడ చూడదగ్గవి రెండే ఉండేవి. ఒకటి బురద, రెండోది ప్రొఫెసర్ ఒబడయా ప్రూయిట్ గడ్డం. బురద మంచు కరిగినప్పుడూ వానలప్పుడూ మాత్రమే ఉండేది. గడ్డం ఏడాది పొడుగునా ఉండేది.

ప్రూయిట్ పొట్టి మనిషి. అమెరికాలోని అయోవా మైదానాల గాలికి కొట్టుకుపోకుండా ఆ గడ్డమే ఆయన్ని నేలకి పట్టి ఉంచుతోందని కుర్రాళ్ళు చెప్పుకునేవారు. కాలేజీలో పంతుళ్ళు తక్కువ, చెప్పాల్సిన శాస్త్రాలు ఎక్కువ. అందుకని ఆయన పొద్దున్న మొక్కల గురించి, మధ్యాహ్నం పురుగుల గురించి, ఓపికుంటే సాయంత్రం గుర్రాల జబ్బుల గురించి చెప్పేవాడు. కానీ ప్రాణమంతా రాళ్ళ మీదే. రైతుబిడ్డలకి రాయంటే పొలంలోంచి ఏరి గట్టు మీద పారెయ్యాల్సిన వస్తువు. దాని గురించి గంటసేపు కన్నీళ్ళ పర్యంతమై మాట్లాడే మనిషిని చూసి వాళ్ళు మొదట భయపడేవారు, తర్వాత జాలిపడేవారు, చివరికి అలవాటు పడేవారు.

కాలేజీ ప్రెసిడెంట్ జోసయా వాడ్లీ గారి బెంగ వేరు. ఆయన తూర్పు తీరంలో చదువుకొచ్చిన మనిషి. అక్కడ కాలేజీ అంటే గోపురం, గంట, తీగలల్లుకున్న గోడ. ఇక్కడ ఉన్నవల్లా మెట్ట మీద ఒక ఇటుకల భవనం, దాని వెనక పశువుల కొట్టం, మెట్ట దిగువన తన చెక్క ఇల్లు. పైగా ఎండాకాలం మొదట్లో శాసనసభ నుంచి తనిఖీ సంఘం వస్తోందని కబురు. ఈ కాలేజీ ఉంచాలా మూసెయ్యాలా అని తేల్చడానికి వస్తున్నారట.

"మనకంటూ ఒక గుర్తు ఉండాలయ్యా," అన్నాడు ఆయన పంతుళ్ళందర్నీ పిలిచి. "దారినపోయేవాడు చూడగానే, ఓహో, కెటిల్ క్రీక్ వచ్చేసింది అనుకోవాలి."

"వాసనని బట్టి ఇప్పటికే అనుకుంటున్నారండీ," అన్నాడు రసాయన శాస్త్రం చెప్పే ఆన్సెల్ టటిల్.

టటిల్ పొడుగ్గా, వెదురు బొంగులా ఉండేవాడు. కనుబొమలు ఉండేవి కావు. మొలిచేవి గానీ, మొలిచినప్పుడల్లా ఏదో ఒక ప్రయోగంలో కాలిపోయేవి.

ప్రూయిట్ లేచి నిలబడ్డాడు. ఆయన లేచినా పెద్ద తేడా తెలియలేదు. "మెట్ట వెనకాల బీడులో ఒక రాయుందండీ. గులాబి రంగు రాయి. ఎద్దంత ఎత్తు. దాన్ని తెచ్చి మన భవనం ముందు నిలబెడదాం."

"రాయా?" అన్నాడు ప్రెసిడెంటు.

"రాయంటే మామూలు రాయి కాదండీ. అది ఈ ఊరిది కాదు, ఈ రాష్ట్రానిది కాదు. ఎక్కణ్ణుంచో ఉత్తరాన్నించి మంచు మోసుకొచ్చింది దాన్ని."

"మంచు మోసుకొచ్చిందా?" అన్నాడు టటిల్. "మరి దింపుడు కూలి ఎవరిచ్చారయ్యా?"

అందరూ నవ్వారు. ప్రెసిడెంటు నవ్వలేదు. గోపురం కట్టించాలంటే శాసనసభని అడగాలి, రాయిని తేవాలంటే ఎవర్నీ అడగక్కర్లేదు. "తెండి," అన్నాడు.

నేల గడ్డకట్టి ఉండగానే లాగాలని, చలి ఇంకా విరగకముందే ముహూర్తం పెట్టుకున్నారు. కాలేజీ పొలం చూసుకునే రూఫస్ గాంట్ బలమైన ఎడ్లన్నిటినీ కట్టాడు. చక్రాల్లేని పెద్ద చెక్కబండి మీదకి కుర్రాళ్ళు రాయిని దొర్లించారు. ఎడ్లు మెట్ట ఎక్కాయి. పైకి చేరాక కుడికి తిరిగితే కాలేజీ భవనం. ఎడమకి తిరిగితే నున్నగా మంచు పేరుకున్న వాలు, వాలు చివర ప్రెసిడెంటు గారి ఇల్లు.

"ఎవరూ కిక్కురుమనకండి," అన్నాడు రూఫస్. "నా ఎడ్లకి మాట వినడం తప్ప ఇంకోటి తెలీదు. 'జీ' అంటే కుడికెళ్తాయి, 'హా' అంటే ఎడమకెళ్తాయి. ఎవరన్నారన్నది వాటికి అనవసరం."

అందరూ నోళ్ళు మూసుకున్నారు. రూఫస్ 'జీ' అందామని నోరు తెరిచాడు. ప్రొఫెసర్ ప్రూయిట్‌కి రెండ్రోజులుగా జలుబు.

"హా...," అన్నాడు ప్రూయిట్, ముక్కు పట్టుకుని. "హా... హా..."

ఎడ్లు ఎడమకి తిరిగాయి. చాలా బుద్ధిగా తిరిగాయి.

"చ్ఛీ!" అని ప్రూయిట్ తుమ్ము పూర్తి చేసేసరికి అంతా అయిపోయింది. బండి వాలు మీదకి వచ్చేసింది. ఎడ్లు వెనక్కి తిరిగి, తమని తరుముకొస్తున్నదేమిటో చూసి, పెద్దమనుషుల్లా పక్కకి తప్పుకున్నాయి. గొలుసు పుటుక్కున తెగింది. రాయి ఒంటరిగా బయల్దేరింది.

"ఆగు!" అని అరిచాడు ప్రూయిట్ రాయితో. ఆయనకి ఇంకేం తోచలేదు.

రాయి కోళ్ళ గూటికి వేలెడు దూరంలో పోయింది. బావిని ఒరుసుకుని పోయింది. మిసెస్ వాడ్లీ ఆరేసిన బట్టల తాడులోంచి దూరి, తాడుతో సహా, బట్టల్తో సహా ముందుకు సాగింది. ఇంటి దగ్గరికొచ్చేసరికి వేగం తగ్గి, బండి ముక్కలై, గుమ్మం ముందున్న మెట్టుని పిండి చేసి, తలుపుని చిన్నగా తాకి ఆగింది. టక్ అని చప్పుడైంది.

"ఎవరో వచ్చారండీ," అంది లోపల్నించి మిసెస్ కెజయా వాడ్లీ. "కాస్త చూడండి."

ప్రెసిడెంటు తలుపు తీశాడు. గుమ్మం నిండా గులాబి రంగు రాయి. దాని మీద చక్కగా తొడిగినట్టు, తన ఎర్ర ఉన్ని లోదుస్తులు.

"కెజయా," అన్నాడు ఆయన. "నాకోసమే వచ్చినట్టుంది."

మర్నాడు లాగుదామనుకున్నారు. ఆ రాత్రే గాలి మళ్ళింది. మంచు కరిగి, నేల మెత్తబడి, తెల్లారేసరికి రాయి మోకాలి లోతు దిగబడింది. వారం తిరక్కుండా ఇంకాస్త దిగింది. ఇంటి గోడకీ రాయికీ మధ్య బక్కపల్చటి మనిషి పక్కకి తిరిగి ఊపిరి బిగబడితే దూరేంత సందు మిగిలింది.

"ఇంక లేవదు అయ్యగారూ," అన్నాడు రూఫస్. "మా ఎడ్లయితే దాని మొహం కూడా చూట్టం లేదు. ఇటు తోలితే అటు తిరిగి నించుంటున్నాయి."

ఇక ఇంటికొచ్చేవాళ్ళందరికీ వంటింటి దారే గతయింది. ఇది మిసెస్ వాడ్లీకి ఎంత నచ్చిందో ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఇదివరకు వచ్చినవాళ్ళు ముందుగదిలో గట్టి కుర్చీల్లో చలికి బిగుసుకుపోతూ దేశ భవిష్యత్తు గురించి మాట్లాడి వెళ్ళేవారు. ఇప్పుడు వంటింట్లోంచి వెళ్తూ పొయ్యి దగ్గర ఆగిపోతున్నారు. ఆగినవాళ్ళ చేతిలో ఆవిడ ఒక బంగాళాదుంపా ఒక కత్తీ పెట్టేది. లాటిన్ పంతులుకి బీన్స్ ఈనెలు తియ్యడం ఎంత బాగా వచ్చో ఆ వసంతంలోనే బయటపడింది.

ప్రెసిడెంటుకి మాత్రం అన్నం సయించలేదు. ఆయన ప్రూయిట్‌ని పిలిపించాడు. ప్రూయిట్ వంటింట్లోంచి వచ్చాడు, చేతిలో సగం ఒలిచిన దుంపతో.

"సంఘం వచ్చేనాటికి ఆ రాయి నా గుమ్మంలో ఉండకూడదు," అన్నాడు ప్రెసిడెంటు. "ఉందంటే మీరు కాలేజీలో ఉండరు. అర్థమైందా?"

"అర్థమైందండీ," అన్నాడు ప్రూయిట్.

అప్పట్నించీ ఆయనకి నిద్ర కరువైంది. ఉద్యోగం పోతే ఎక్కడికి వెళ్తాడు? రాళ్ళ గురించి వినేవాళ్ళు ఈ భూమ్మీద అంత విరివిగా లేరు. తీరా చూస్తే, గుమ్మం ముందున్న రాయి దగ్గరికి పోవడం బీడుకి పోవడంకన్నా సులువు. అందుకని తరగతులన్నీ అక్కడే పెట్టడం మొదలెట్టాడు. కిటికీలోంచి ప్రెసిడెంటు మొహం కనపడ్డప్పుడల్లా గొంతు తగ్గించి చెప్పేవాడు.

టటిల్‌కి జాలేసింది. జాలేస్తే ఆయన ఏదో ఒకటి వెలిగించకుండా ఉండలేడు.

"పూర్వం ఒక సేనాపతి కొండల్లో దారి చేసుకున్నాడటయ్యా," అన్నాడు. "రాళ్ళ మీద మంట పెట్టి, బాగా కాలాక వెనిగర్ పోశాడట. టప్పున పగిలిపోయాయట. పగిలితే ముక్కలు ముక్కలుగా ఎత్తెయ్యొచ్చు. నీ ఉద్యోగం నిలబడుతుంది."

"నా రాయి నిలబడదుగా," అన్నాడు ప్రూయిట్.

"రెండూ కావాలంటే రసాయన శాస్త్రం ఏం చేస్తుందయ్యా!"

ప్రూయిట్ ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. ఒక శనివారం టటిల్ కట్టెలు పేర్చాడు. మిసెస్ వాడ్లీ నేలమాళిగలో ఊరగాయలకని దాచుకున్న వెనిగర్ పీపా, ఆవిడ వద్దువద్దంటున్నా, కుర్రాళ్ళు దొర్లించుకొచ్చారు. మంట బాగా రాజుకుంది. ఇంటి గోడ రంగు బుడగలెక్కింది. ప్రూయిట్ చెవులు మూసుకుని బావి వెనకాల నించున్నాడు.

టటిల్ పీపా వంపాడు.

తర్వాత ఏం జరిగిందో చాలాసేపు ఎవరికీ కనపడలేదు. తెల్లటి పొగ ఇంటిని మింగి, మెట్టనెక్కి, భవనంలోకి దూరింది. కళ్ళల్లో నీళ్ళు కారుతూ ప్రెసిడెంటు కిటికీలోంచి దగ్గుతున్నాడు. కొట్టంలో ఆవులు గొలుసులు తెంచుకుని రైలు పట్టాల వైపు పారిపోయాయి. భోజనశాలలోంచి కుర్రాళ్ళు పళ్ళేలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు, ఆ పుల్లటి వాసనకి పంది మాంసం, పులిసిన క్యాబేజీ వండుతున్నారనుకుని.

పొగ విడింది. రాయి చెక్కు చెదరలేదు. ఎన్నేళ్ళ నుంచో పట్టిన మట్టీ పాచీ కాలి, కరిగి, కారిపోయి, రాయి పెళ్ళికూతురిలా మెరుస్తోంది. టటిల్ కనుబొమలు మళ్ళీ లేవు.

ప్రూయిట్ పరిగెత్తుకొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీ రుణం తీర్చుకోలేనయ్యా టటిల్! ఎన్నాళ్ళ నుంచో దాన్ని శుభ్రంగా కడగాలనుకుంటున్నాను."

సంఘం రానే వచ్చింది. ముగ్గురు. అందులో ఇద్దరు తలూపడానికి వచ్చినవాళ్ళు. మూడోవాడు హైరమ్ స్టబ్స్. పందుల పెంపకంలో పేరుమోసినవాడు, తను పెంచిన పందులకి ఏ మాత్రం తీసిపోని ఒళ్ళు. "మొక్కజొన్న మొలవడానికి పుస్తకమెందుకు? గింజకి చదువొచ్చా?" అని ఆయన శాసనసభలో అడిగితే సభంతా బల్లలు చరిచిందట.

ప్రెసిడెంటు గంజి పెట్టిన కాలరు వేసుకుని, ముందుగది కిటికీకి చిన్న నిచ్చెన ఆనించి, దాని మీద తివాచీ పరిపించాడు. "దయచెయ్యండి," అన్నాడు, అందులో వింతేం లేనట్టు.

స్టబ్స్ నిచ్చెన వైపు చూశాడు. "కిటికీలోంచి దూరేవాణ్ణి మా ఊళ్ళో దొంగంటారండీ."

"అయితే వంటింటి వైపు నుంచి..."

"వంటింటి గుమ్మంలోంచి వచ్చేవాణ్ణి పాలేరంటారు. నేను జనం ఓట్లేస్తే గెలిచినవాణ్ణి. ముందు గుమ్మంలోంచే వస్తా." అంటూనే ఆయన రాయికీ గోడకీ మధ్య సందులోకి అడ్డంగా తిరిగి దూరాడు.

వద్దనేలోగా సగం దూరం పోయాడు. గుమ్మం ఇక చెయ్యి చాపితే అందుతుందనగా ఆగాడు. ముందుకి కదలబోయాడు. వెనక్కి కదలబోయాడు. పొట్ట రాయికి, వీపు గోడకి, ముక్కు రాయికి వేలెడు దూరంలో. అడకత్తెరలో పోకచెక్క అంటే అదే.

"లాగండి!" అని గర్జించాడు. తలూపే ఇద్దరూ ఆయన చెయ్యి పట్టుకుని లాగారు. కోటు చెయ్యి ఊడి వచ్చింది.

"పందికొవ్వు!" అన్నాడు టటిల్. "రాపిడి తగ్గాలంటే జిడ్డు కావాలి!"

"ఏంటీ? పందుల్ని పెంచేవాణ్ణి, నాకే పందికొవ్వు పూస్తారా?" అని స్టబ్స్ అరుస్తుండగానే టటిల్ కిటికీ ఎక్కి, పైనుంచి ఒక బాల్చీడు కరిగించిన కొవ్వు పోశాడు. కొవ్వు బ్రహ్మాండంగా పనిచేసింది. స్టబ్స్ జారాడు. అయితే పక్కకి కాదు, కిందికి. ఇంకాస్త గట్టిగా బిగుసుకున్నాడు.

మిసెస్ వాడ్లీ లోపల్నుంచి గుమ్మంలోకి వంగి చూసింది. ఎదురుగా ఒక చెయ్యి, దాని వెనక ఎర్రబడ్డ చెంప. "పాపం, భోజనం చేశారో లేదో," అంటూ ఆ చేతిలో తను పొయ్యిలో కాల్చిన 'ఆపిల్ పై' పెద్ద ముక్క పెట్టింది.

"కెజయా, ఆయన్ని ఇంకా లావు చేస్తావేమిటి!" అన్నాడు ప్రెసిడెంటు నిచ్చెన మీంచి.

రంపం తేవడానికి రూఫస్ కొట్టానికి పరిగెత్తాడు. అంతవరకూ బావి వెనకాల దాక్కున్న ప్రూయిట్, తన ఉద్యోగం ఎలాగూ పోయిందని నిశ్చయించుకుని, సందు దగ్గరికి వచ్చాడు. ఇరుక్కున్న మనిషికి ఏదైనా ఊరట మాట చెప్పాలి. ఆయనకి తెలిసిన ఊరట మాటలన్నీ ఒకే విషయం మీద.

"అయ్యా, తమ ముక్కు ముందు గులాబి రంగులో మెరుస్తున్నది చూశారా?"

"నాకింకేం కనపడుతోందయ్యా?" అన్నాడు స్టబ్స్, నోటినిండా ఆపిల్ పైతో.

"ఈ రాయి పుట్టిల్లు ఇక్కడికి చాలా దూరమండీ. ఒకప్పుడు ఈ నేలంతా మంచు. ఇప్పుడు మీరున్న చోట, ఈ ఇంటి మీద పది ఇళ్ళు పేర్చినా అందనంత ఎత్తు మంచు. అదే కొండల్ని గీకి, పిండి చేసి, మన నల్లమట్టిని తెచ్చింది. వస్తూ వస్తూ ఈ రాళ్ళనీ తెచ్చింది."

స్టబ్స్ నమలడం ఆపాడు. "ఇలాంటివి మా ఉత్తరప్పొలంలో ఉన్నాయి. ప్రతి ఏడూ నాగలి విరుగుతుంది. మా నాన్న పోయేదాకా వాటిని సైతాను విత్తిన రాళ్ళనేవాడు."

"సైతాను కాదండీ, మంచే. ఆ పొలంలో నీళ్ళు నిలుస్తాయి కదూ?"

"నీకెలా తెలుసు?"

"అడుగున మంచు తొక్కిన బంకమట్టి ఉంటుందండీ. నీళ్ళు దిగవు. ఎంత విత్తనం చల్లినా కుళ్ళుతుంది. మట్టి గొట్టాలు వేసి నీళ్ళు తీసేస్తే..."

రూఫస్ రంపంతో వచ్చి లోపల్నుంచి తలుపు చట్రం మీద పెట్టాడు.

"ఆగవయ్యా!" అని కసిరాడు స్టబ్స్. "పెద్దమనిషి మాట్లాడుతుంటే గరగరా ఏంటది? ఆ గొట్టాలు ఎంత లోతున వెయ్యాలంటారు ప్రొఫెసరు గారూ?"

ప్రూయిట్ జీవితంలో పారిపోలేని శ్రోత దొరకడం అదే మొదలు. పారిపోవాలనుకోని శ్రోత దొరకడం కూడా అదే మొదలు. ఆయన గోడకి చేరగిలబడి, గడ్డం నిమురుకుంటూ, గొట్టాల దగ్గర్నించి బంకమట్టికి, బంకమట్టి దగ్గర్నించి మళ్ళీ మంచుకి వెళ్ళాడు. తలూపే ఇద్దరూ బావి గట్టు మీద కూర్చుని తలూపారు. చివరికి స్టబ్సే, కాళ్ళు తిమ్మిరెక్కాయని, కొయ్యమన్నాడు. చట్రం తెగింది. ఆయన చట్రంతో సహా ముందుగదిలో పడ్డాడు. కెటిల్ క్రీక్ చరిత్రలో రాయి వచ్చాక ముందు గుమ్మంలోంచి ఇంట్లోకి వచ్చిన మొదటి అతిథి ఆయనే.

పొయ్యి దగ్గర కూర్చుని, కొవ్వు కారే కోటు విప్పేసి, ఇంకో పై ముక్క తింటూ ఆయన ప్రెసిడెంటుని అడిగాడు. "అదక్కడెందుకు పెట్టారండీ?"

"పెట్టలేదు. వచ్చింది."

"మరి తియ్యరేం?"

"తియ్యడానికి రావట్లేదు. ఎడ్లు లాగలేదు, మంటకి పగల్లేదు."

"అయితే ఇల్లు తియ్యండి."

"ఇల్లా?" అన్నాడు ప్రెసిడెంటు.

"చెక్క ఇల్లేగా!" అన్నాడు స్టబ్స్. "రైలు స్టేషను అవతలెక్కడో కట్టారని మా ఊరు ఊరంతా జాకీలతో ఎత్తి, దుంగల మీద దొర్లించుకుపోయాం. చర్చి కూడా. లోపల పాస్టరు ప్రసంగం చేస్తూనే ఉన్నాడు. రాయి మీద ఇంత రాద్ధాంతమేంటండీ, ఇల్లు పక్కకి జరుపుకోక?"

ప్రెసిడెంటు ప్రూయిట్ వైపు చూశాడు. ప్రూయిట్ టటిల్ వైపు చూశాడు. టటిల్ కనుబొమలు ఎగరెయ్యబోయి, అవి లేవని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

కాలేజీ మూతపడలేదు, ప్రూయిట్ ఉద్యోగమూ పోలేదు. స్టబ్స్ సభలో లేచి, గింజకి చదువు రాదు గానీ రైతుకి వస్తే తప్పులేదన్నాడని తర్వాత తెలిసింది. ఎండలకి నేల గట్టిపడగానే ఇంటి కిందకి జాకీలు, దుంగలు వచ్చాయి. ఈసారి ప్రూయిట్ మూతికి ఉన్ని కండువా చుట్టి, వెనక ముడేసి, మెట్ట మీద నిలబెట్టారు. ఇద్దరు కుర్రాళ్ళు కాపలా.

పొయ్యిలో రొట్టె ఉంది కాబట్టి తను దిగనంది మిసెస్ వాడ్లీ. ఎడ్లు లాగాయి. ఇల్లు కిర్రుమని, పొగగొట్టంలోంచి పొగ వదులుతూ, రైలింజనులా కదిలింది. ప్రెసిడెంటు టోపీ చేత్తో పట్టుకుని వెనకాలే నడిచాడు. రాయి దాటింది. బావి దాటింది.

"ఇంక చాలు రూఫస్!" అన్నాడు ప్రెసిడెంటు.

"ఇంకాస్త!" అంది వంటింటి కిటికీలోంచి మిసెస్ వాడ్లీ.

"కెజయా! కాస్త జరిపితే చాలనుకున్నాం కదా!"

"మీరనుకున్నారు. పోనీ రూఫస్, ఆ ఆపిల్ తోట దాకా పోనీ. ఇటు తిప్పు. వంటిల్లు రోడ్డు వైపుకి రావాలి."

రూఫస్ ఒకసారి ప్రెసిడెంటు మొహం చూశాడు, ఒకసారి కిటికీలోంచి వస్తున్న రొట్టె వాసన పీల్చాడు. 'జీ' అన్నాడు. ఇల్లు ఆపిల్ తోటలోకి తిరిగి, కాపు మీదున్న కొమ్మల మధ్య వంటింటి తలుపు రోడ్డుకి చూపించి ఆగింది.

ఇక్కడ మైదానం మధ్యలో రాయి ఒక్కటీ మిగిలింది. కాపలా కుర్రాళ్ళు ఇల్లు చూడ్డానికి పరిగెత్తగానే ప్రూయిట్ కండువా ఊడబీకుకుని రాయి దగ్గరికి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ గోడ వైపు ఉన్న ముఖాన్ని ఆయన ఎన్నడూ సరిగ్గా చూడలేదు. బీడులో ఉన్నప్పుడు అది నేలలో పాతుకుని ఉండేది. ఇప్పుడు ఎండ సూటిగా పడుతోంది. నున్నటి ఆ ముఖం మీద పక్కపక్కనే, ఒకే దిక్కుకి, సన్నటి గీతలు. ఆయన గబుక్కున మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మంచు గీసిన గీతలు! దక్షిణానికి ఈడ్చుకొస్తూ గీసిన గీతలు!

టటిల్ భూతద్దం పట్టుకుని వచ్చాడు. చాలాసేపు చూశాడు.

"గుండీలు," అన్నాడు.

"ఏంటీ?"

"స్టబ్స్ గారి కోటు గుండీలయ్యా. పొట్ట ఇటూ అటూ కదిలినప్పుడు గీసుకున్నాయి. ఇత్తడి."

"ఇత్తడి ఈ రాయిని గీస్తుందా! నీకు రసాయనం ఎవరు చెప్పారయ్యా?"

"గీతలో కొవ్వుంటే గుండీ, లేకపోతే మంచు. పరీక్షిద్దామా?"

పరీక్షించారు. రాయి నిండా కొవ్వే. పోసినవాడు టటిలే కదా.

అక్కడ మొదలైన పోట్లాట చాలా దూరం పోయింది. కుర్రాళ్ళు రెండు జట్లయ్యారు. మంచు జట్టు, గుండీల జట్టు. ఆ మధ్యాహ్నం మాత్రం ఆపిల్ తోటలోంచి మిసెస్ వాడ్లీ రొట్టె చల్లారిపోతోందని కేకేసేదాకా ఇద్దరూ మోకాళ్ళ మీదే ఉన్నారు. ప్రూయిట్ లేవబోతూ రాయి మీద చెయ్యి వేశాడు. ఎండకి వెచ్చగా ఉంది, కాస్త జిడ్డుగా కూడా ఉంది. ఆయనకి మనసులో ఎంత తేలిగ్గా అనిపించిందంటే, దారి పొడుగునా టటిల్‌ని ఒక్క మాట మాట్లాడనివ్వలేదు.